ఖాళీ కవర్ లేకపోతే గేమ్ ‘కంప్లీట్’ కాదా?

1984లో ఇన్ఫోకామ్ అనే అమెరికన్ కంపెనీ ‘ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ’ పేరుతో ఒక కంప్యూటర్ గేమ్ విడుదల చేసింది. తెర మీద బొమ్మలుండవు, అంతా అక్షరాలే. పెట్టె తెరిస్తే మాత్రం ఫ్లాపీ డిస్క్‌తో పాటు చిత్రమైన సరంజామా బయటపడేది. నల్ల అట్టతో చేసిన కళ్లజోడు ఒకటి. పెట్టుకుంటే ఏమీ కనపడదు, ప్రమాదం కంటబడకుండా చూడటమే దాని పని. ‘కంగారు పడొద్దు’ అని రాసిన బ్యాడ్జి. హీరో ఇంటిని కూల్చేయమని ఒక ఆర్డరు, భూమినే కూల్చేయమని ఇంకో ఆర్డరు. జేబు అడుగున పేరుకునే నలుసుల గుర్తుగా ఒక దూది ఉండ. ఇవి కాక ఒక చిన్న జిప్ కవర్. అందులో అంతరిక్ష నౌకాదళం ఉందట, కాకపోతే కంటికి ఆననంత చిన్నదట. అంటే కవర్ ఖాళీ.

ఆ కవర్ ఎన్ని ఇళ్లలో చెత్తబుట్ట పాలైందో ఊహించుకోవచ్చు. ఖాళీ కవర్‌ని ఎవరు దాస్తారు? ఇప్పుడు నలభై ఏళ్ల తర్వాత అదే గేమ్ కొనేవాళ్లు మొహమాటం లేకుండా అడుగుతారు: నౌకాదళం ఉందా, పోయిందా?

వినడానికి నవ్వులాటగా ఉన్నా, పాత వీడియో గేమ్‌లు సేకరించేవాళ్ల గొడవంతా ఈ కవర్‌లోనే ఉంది. వాళ్ల భాషలో గేమ్ మూడు రకాలు. కార్ట్రిడ్జో (గేమ్ చిప్ ఉండే ప్లాస్టిక్ డబ్బీ) డిస్కో ఒక్కటే ఉంటే ‘లూజ్’. పెట్టె, మాన్యువల్, లోపలి కాగితాలు అన్నీ ఉంటే ‘కంప్లీట్ ఇన్ బాక్స్’, పొట్టిగా సీఐబీ. ప్లాస్టిక్ రేపర్ కూడా తీయకపోతే ‘సీల్డ్’. లూజ్, సీల్డ్ అన్న మాటల్లో పెద్దగా సందేహం రాదు. మధ్యలో ఉన్న ‘కంప్లీట్’ దగ్గరే పేచీ. ‘అన్నీ’ అంటే ఏవి? చాలా గేమ్‌ల పెట్టెల మీద లోపల ఏమేం ఉన్నాయో జాబితా లేదు. ఆ జాబితాలను సేకరించేవాళ్లే ఏళ్ల తరబడి ఒకరి పెట్టెతో ఒకరి పెట్టె పోల్చుకుంటూ తయారు చేసుకున్నారు. కాబట్టి కంప్లీట్ అనేది ఫ్యాక్టరీ వేసిన ముద్ర కాదు. తర్వాత వచ్చినవాళ్లు కుదుర్చుకున్న ఒప్పందం. ఒప్పందం అన్నాక గేమ్‌ని బట్టి మారుతుంది, మనిషిని బట్టి కూడా మారుతుంది.

అసలు ఈ అదనపు సామాన్లు పెట్టెలోకి ఎందుకు వచ్చాయో తెలిస్తే, ఏది ముఖ్యమో ఏది కాదో కొంత తేలుతుంది.

మొదటి కారణం, మెషీన్‌కి చేతకాకపోవడం. ఇంట్లో టీవీకి పెట్టుకుని ఆడే మొట్టమొదటి గేమ్ కన్సోల్, మాగ్నవాక్స్ ఒడిస్సీ, 1972లో వచ్చింది. రంగులు లేవు, శబ్దం లేదు. తెర మీద కదిలే తెల్లటి చుక్కలు, ఒక గీత, అంతే. మిగతాదంతా పెట్టెలోంచి రావాలి. టీవీ అద్దానికి అతికించుకునే రంగుల ప్లాస్టిక్ షీట్లు, అవీ టీవీ సైజును బట్టి రెండు కొలతల్లో. పాచికలు, పేకముక్కలు, ఆట డబ్బులు, పోకర్ బిళ్లలు. వీటిని తీసేసి ఒడిస్సీని కంప్లీట్ అనడం వైకుంఠపాళీ పటం పారేసి పావులు దాచుకున్నట్టే.

ఇన్ఫోకామ్ కథ కూడా ఇలాగే మొదలైంది. 1982లో వాళ్లు ‘డెడ్‌లైన్’ అనే హత్యకేసు గేమ్ చేశారు. రాసిన విషయమంతా డిస్క్‌లో పట్టలేదు. దాంతో పోలీసు విచారణ పత్రాలు, ల్యాబ్ రిపోర్టు, హత్య జరిగిన చోటి ఫోటో కాగితాల మీదే అచ్చువేసి పెట్టెలో పెట్టారు. సాక్ష్యంగా చిన్న కవర్‌లో మాత్రలు కూడా వేశారు. జనానికి అది ఎంత నచ్చిందంటే, ఆ తర్వాత ప్రతి గేమ్‌తోనూ ఇలాంటివి పెట్టడం వాళ్లకు అలవాటైపోయింది. చేత్తో ముట్టుకుని చూసేవి కాబట్టి వీటికి ‘ఫీలీలు’ అని పేరు పడింది. 1985 నాటి ‘విష్‌బ్రింగర్’ పెట్టెలో చీకట్లో మెరిసే ప్లాస్టిక్ రాయి ఉంటుంది. అదే ఏడాది వచ్చిన ‘అల్టిమా 4’ పెట్టెలో గుడ్డ మీద అచ్చువేసిన పటం, లోహంతో చేసిన ఆంఖ్ (శిలువలాంటి పురాతన ఈజిప్టు గుర్తు), రెండు పుస్తకాలు. వాటిలో ఒక పుస్తకం లేకపోతే మంత్రాలకు ఏ మూలికలు కలపాలో తెలియదు.

రెండో కారణం దొంగకాపీలు. ఫ్లాపీని నిమిషాల్లో కాపీ కొట్టొచ్చు, అట్టచక్రాన్ని కొట్టలేరు కదా అన్నది కంపెనీల లెక్క. 1990లో వచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’తో రెండు గుండ్రటి అట్టలు ఒకదాని మీద ఒకటి తిరిగేలా బిగించిన చక్రం ఇచ్చారు. గేమ్ మొదలవగానే తెర మీద ఒక సముద్రపు దొంగ ముఖం కనపడుతుంది. చక్రం తిప్పి పై సగాన్ని కింది సగంతో జోడించి అదే ముఖం తెప్పించాలి. అప్పుడు చిన్న కిటికీలో కనపడే సంవత్సరం టైప్ చేస్తే గానీ తలుపు తెరుచుకోదు. ఇంతకంటే విచిత్రమైనది లెన్స్‌లాక్. ఇది మడత పెట్టే ప్లాస్టిక్ పట్టకం. తెర మీద ముక్కలు ముక్కలుగా చెదిరిపోయిన అక్షరాలను దీంతో చూస్తే చదవగలిగేలా అవుతాయి. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్‌కి వచ్చిన ‘ఎలీట్’ పెట్టెల్లో కొన్నింటిలో పొరపాటున వేరే గేమ్ తాలూకు లెన్స్ పడిపోయింది. డబ్బు పెట్టి న్యాయంగా కొన్నవాడికే గేమ్ తెరుచుకోలేదు.

ఇక్కడ సేకరించేవాళ్లకు ఒక చిక్కుముడి. తప్పు లెన్స్‌తో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఎలీట్ కంప్లీటా, లేక ఎవరో తర్వాత సరైన లెన్స్ తెచ్చి పెట్టిన ఎలీట్ కంప్లీటా? మొదటిది పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, కానీ ఆడటానికి పనికిరాదు. రెండోది ఆడటానికి పనికొస్తుంది, కానీ ఆ రెండు వస్తువులూ మొదట్లో ఒకే పెట్టెలో లేవు. నన్నడిగితే రెండోదే కొంటాను. అయితే మొదటిదాని కోసం వెతికేవాళ్లూ ఉంటారు, వాళ్ల వాదన తప్పని నేననలేను.

మూడో కారణం వట్టి ఆకర్షణ. పోస్టర్లు, స్టిక్కర్లు, కామిక్ పుస్తకాలు. ఇవి లేకపోయినా గేమ్ ఆగదు అనుకుంటాం గానీ, ఆ గీత అంత తిన్నగా ఉండదు. అటారీ 1982లో తెచ్చిన ‘స్వోర్డ్‌క్వెస్ట్: ఎర్త్‌వరల్డ్’తో డీసీ కామిక్స్ వాళ్ల చిన్న పుస్తకం వచ్చింది. చూడ్డానికి బోనస్‌లా ఉంటుంది. నిజానికి గేమ్‌లో దొరికే అంకెలు ఆ కామిక్‌లో ఏ పేజీలో ఏ బొమ్మ దగ్గర వెతకాలో చెబుతాయి, అక్కడ దాచిన మాటలు పట్టుకుని పంపిస్తే నిజమైన బంగారపు బహుమతికి పోటీ పడొచ్చు. కామిక్ లేకపోతే గేమ్ సగమే.

పెట్టెలో అసలు ఉండనివి కూడా ఈ లెక్కలోకి వస్తుంటాయి. యాక్టివిజన్ కంపెనీ 1982లో ‘పిట్‌ఫాల్’ తెచ్చినప్పుడు, 20,000 పాయింట్లు దాటినవాళ్లు టీవీ తెరను ఫోటో తీసి పోస్టులో పంపితే చొక్కాకి కుట్టుకునే గుడ్డ బ్యాడ్జీ తిరిగొచ్చేది. ఫోను తీసి క్లిక్ మనిపించే రోజులు కావవి. రీలు కెమెరా తెచ్చుకుని, గది లైటు ఆర్పేసి, తెర మీద మెరుపు పడకుండా ఫోటో తీసి, రీలు అయ్యేదాకా ఆగి, కడిగించి, కవర్‌లో పెట్టి పంపాలి. ఆ బ్యాడ్జీ ఉన్న పిట్‌ఫాల్‌ని కంప్లీట్ అంటారా, కంప్లీట్‌కి మించినది అంటారా? మామూలుగా బ్యాడ్జీని జాబితాలో కలపరు. నా మటుకు నాకు మాత్రం, పెట్టెలోని పోస్టర్ కంటే ఆ బ్యాడ్జీ మీదే కన్ను పడుతుంది.

ఇప్పుడు ఒక గేమ్ దగ్గర కాసేపు ఆగుదాం. నింటెండో 1990లో ఎన్‌ఈఎస్ కన్సోల్‌కి ‘స్టార్‌ట్రాపిక్స్’ తెచ్చింది. మైక్ అనే కుర్రాడు తప్పిపోయిన పురావస్తు శాస్త్రవేత్త మామయ్యను వెతుక్కుంటూ దీవులన్నీ తిరుగుతాడు. పెట్టెలో మాన్యువల్‌తో పాటు ఒక ఉత్తరం ఉంటుంది, మామయ్య మైక్‌కి రాసినట్టుగా. చదివి పక్కన పెట్టేస్తాం. సగం గేమ్ గడిచాక మామయ్య నుంచి కబురొస్తుంది: నా ఉత్తరాన్ని నీళ్లలో ముంచమని మైక్‌కి చెప్పండి. గేమ్‌లో ఉత్తరమెక్కడుంది, నీళ్లెక్కడున్నాయి అని బుర్ర బద్దలు కొట్టుకుంటే లాభం లేదు. ముంచాల్సింది పెట్టెలోని కాగితాన్నే. నిజం నీళ్లలో ముంచితే, అప్పటిదాకా కనపడని అక్షరాలు తేలి 747 అనే ఫ్రీక్వెన్సీ బయటపడుతుంది. అది కొట్టకపోతే మైక్ ఎక్కిన జలాంతర్గామి ముందుకు కదలదు. కార్ట్రిడ్జ్ అద్దెకు తెచ్చుకున్న పిల్లలు, పెట్టె లేకుండా సెకండ్ హ్యాండ్‌లో కొన్న పిల్లలు అక్కడే ఇరుక్కుపోయారు.

దీన్నే 1998లో ‘మెటల్ గేర్ సాలిడ్’ ఇంకో రకంగా చేసింది. మెరిల్ అనే పాత్రతో మాట్లాడాల్సిన ఫ్రీక్వెన్సీ ‘సీడీ కేసు వెనక ఉంది’ అంటుంది గేమ్. నిజంగానే ప్లాస్టిక్ కేసు వెనక వేసిన చిన్న ఫోటోలో 140.15 అని కనపడుతుంది. డిస్క్ ఒక్కటే చేతికొచ్చినవాళ్ల పాట్లు చెప్పక్కర్లేదు.

మరి ఇంత అవసరమైన కాగితాలు ఎందుకు మిగల్లేదు? గేమ్ ఆడేది పిల్లలు కాబట్టి, అట్ట అట్టే కాబట్టి. ఎన్‌ఈఎస్, సూపర్ నింటెండో, నింటెండో 64 గేమ్‌లన్నీ పల్చటి అట్టపెట్టెల్లో వచ్చాయి. ఒకటి రెండుసార్లు మూత లాగితే చెవులు చిరుగుతాయి, మూడోసారికి పెట్టె చెత్తలోకి, కార్ట్రిడ్జ్ డ్రాయర్‌లోకి. అదే కాలంలో సెగా అనే పోటీ కంపెనీ జెనెసిస్ కన్సోల్ గేమ్‌లు చాలాకాలం గట్టి ప్లాస్టిక్ కేసుల్లో వచ్చాయి, మాన్యువల్ పెట్టుకోవడానికి లోపలే చెవులు కూడా ఉండేవి. అందుకే జెనెసిస్ గేమ్‌లు కంప్లీట్‌గా దొరికినంత సులువుగా నింటెండోవి దొరకవు. ఇదంతా గేమ్ గొప్పతనంతో సంబంధం లేని విషయం. కేసు తయారీ కోసం ఎవరో తీసుకున్న నిర్ణయం నలభై ఏళ్ల తర్వాత ఏది అరుదో తేలుస్తోంది.

చిన్న లెక్క వేద్దాం. ఒక గేమ్‌తో కార్ట్రిడ్జ్ కాక ఐదు వస్తువులు వచ్చాయనుకోండి: పెట్టె, మాన్యువల్, పోస్టర్, రిజిస్ట్రేషన్ కార్డు, ప్లాస్టిక్ తొడుగు. ఒక్కొక్కటి మిగిలే అవకాశం సగానికి సగం, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం లేదు అనుకుంటే, ఐదూ కలిసి మిగిలేది 32లో ఒక్కటి. నిజ జీవితంలో ఇలా జరగదు. పెట్టె దాచిన పిల్లాడు మిగతావీ దాస్తాడు, పారేసేవాడు అన్నీ పారేస్తాడు. అందువల్ల మార్కెట్‌లో ఒక కొసన లూజ్ కార్ట్రిడ్జ్‌ల గుట్ట, ఇంకో కొసన పద్ధతైన పిల్లలు దాచిన కొద్దిపాటి పూర్తి సెట్లు కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ కార్డుది వేరే కథ. అది కంపెనీకి పోస్టులో పంపడానికే ఇచ్చింది. చెప్పిన మాట విన్న పిల్లాడి సెట్లో అది ఉండదు. అంటే కంపెనీ చెప్పినట్టు చేసినవాడి గేమ్ ‘ఇన్‌కంప్లీట్’!

ఈ రెండు కొసల మధ్య ఖాళీని నింపేవి అతుకుల సెట్లు. పెట్టె ఒకరి దగ్గర, మాన్యువల్ ఇంకొకరి దగ్గర, కార్ట్రిడ్జ్ మరొకరి దగ్గర కొని ఒకచోట చేర్చడం. ఇది తప్పేమీ కాదు, చాలామంది చేసేదే. లూజ్ కార్ట్రిడ్జ్ కంటే దాని ఖాళీ పెట్టెకే ఎక్కువ ధర పలికే గేమ్‌లు లేకపోలేదు, ఎందుకో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. చిక్కల్లా ముక్కలు ఒకదానికొకటి సరిపడటంలో ఉంది. ఎన్‌ఈఎస్ తొలినాళ్ల కార్ట్రిడ్జ్‌లకు వెనక ఐదు స్క్రూలు, తర్వాతివాటికి మూడే. తొలి పెట్టెల మీద కొట్లో కొక్కేనికి వేలాడదీసే అట్ట చెవి ఉండేది, తర్వాత తీసేశారు. నింటెండో నాణ్యతా ముద్ర మొదట గుండ్రంగా ఉండేది, తర్వాత కోలగా మారింది. ఐదు స్క్రూల కార్ట్రిడ్జ్‌ని కోల ముద్ర పెట్టెలో పెట్టి కంప్లీట్ అంటే, తెలిసినవాళ్లు పెదవి విరుస్తారు.

ఒకసారి నేనూ బోల్తాపడ్డాను. కంప్లీట్ అని చెప్పి ఒకతను అమ్మిన సూపర్ నింటెండో గేమ్ ఇంటికొచ్చాక చూస్తే, పెట్టె మీది కోడ్ చివర యూఎస్‌ఏ, మాన్యువల్ మీద ఈయూఆర్. రెండూ అసలైనవే, రెండూ ఆ గేమ్‌వే, కాకపోతే వేర్వేరు ఖండాలవి. ఫోటోల్లో కోడ్ కనపడుతూనే ఉంది, నేనే చూసుకోలేదు. అప్పటి నుంచి ముందు ఆ మూడక్షరాలు చూస్తాను, తర్వాతే బొమ్మలు.

కోడ్ కలిసినంత మాత్రాన పని అయిపోదు, ఎందుకంటే ఇప్పుడు పెట్టెల్ని, మాన్యువల్స్‌ని కొత్తగా అచ్చువేసి అమ్ముతున్నారు. వీటిని ‘రెప్రో’ అంటారు. రెప్రో అని చెప్పి అమ్మితే గొడవ లేదు, అల్మారాలో అందానికి పనికొస్తుంది. చెప్పకుండా అమ్మితేనే మోసం. పట్టుకోవడానికి పదింతలు పెద్దగా చూపించే భూతద్దం చాలు. పాత పెట్టెలు ఆఫ్‌సెట్ ప్రింటింగ్‌లో వచ్చాయి. రంగున్న చోట చూస్తే నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా వరుసగా అల్లుకుని ఉంటాయి. నల్లటి అక్షరాల అంచులు కత్తితో కోసినట్టు ఉంటాయి, ఎందుకంటే ఆ నలుపు ఒకే సిరాతో పడింది. ఇంక్‌జెట్ రెప్రోలో చుక్కలు ఇసుక చల్లినట్టు ఉంటాయి. పాత పెట్టెనే స్కాన్ చేసి అచ్చువేసింది అయితే నల్లక్షరం అంచుల్లో కూడా రంగు చుక్కలు దూరి ఉంటాయి. మీ దగ్గరున్న ఏదైనా పాత పత్రిక అట్ట మీద ముందు ఒకసారి చూసుకుంటే కన్ను అలవాటు పడుతుంది.

కార్ట్రిడ్జ్‌కి ఇంకా గట్టి పరీక్ష ఉంది, విప్పి చూడటం. తొలి ఐదు స్క్రూలవాటిని వదిలేస్తే, నింటెండో వాడిన స్క్రూలు మామూలు స్క్రూడ్రైవర్‌కి లొంగవు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేక బిట్ కావాలి. లోపల బోర్డు మీద నింటెండో పేరు అచ్చయి ఉండాలి. చిప్‌ల మీద తరచుగా నాలుగంకెల తేదీ ఉంటుంది: 9124 అంటే 1991, 24వ వారం. చిప్ స్థానంలో నల్ల తారు బొట్టులాంటి ముద్ద కనపడితే అనుమానించాల్సిందే.

ఉన్నది కాపాడుకోవడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఎండ పడనివ్వకండి, తడి తగలనివ్వకండి, రబ్బరు బ్యాండ్లు వేయకండి. పెట్టెలకు తొడిగే పారదర్శక కవర్లు పీఈటీ ప్లాస్టిక్‌వి అయ్యుండాలి. మెత్తటి పీవీసీ కవర్లలోంచి కాలం గడిచేకొద్దీ రసాయనాలు ఊరి అచ్చుకి అంటుకుంటాయి. ఆటను సేవ్ చేసుకునే కార్ట్రిడ్జ్‌లలో చాలావాటి లోపల నాణెంలాంటి లిథియం బ్యాటరీ ఉంటుందని మర్చిపోకండి. ఆడినా ఆడకపోయినా అది వయసైపోతుంది. సీల్ తీయని గేమ్‌లో కూడా.

సీల్డ్ గేమ్‌ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ‘వాటా గేమ్స్’ లాంటి గ్రేడింగ్ కంపెనీలు పెట్టెకి, రేపర్‌కి మార్కులు వేసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇస్తాయి. 2021లో ఇలాంటి గేమ్‌లు వేలంలో వరసగా రికార్డులు బద్దలు కొట్టి వార్తలకెక్కాయి. నాకు ఇందులో చిత్రంగా తోచేది వేరు. సీల్డ్ గేమ్ అన్నిటికంటే కంప్లీట్ అని అందరూ ఒప్పుకుంటారు, కానీ లోపల మాన్యువల్ ఉందో లేదో చూసినవాళ్లు ఎవరూ లేరు. రేపర్ అతుకులు ఫ్యాక్టరీవా, తర్వాత ఎవరైనా చుట్టినవా అని మాత్రమే పరిశీలించగలరు. మిగతాది నమ్మకం.

పెట్టెలోని కాగితాలకు ఇంత విలువ ఎందుకని కొట్టిపారేసేవాళ్లకు ఒక లెక్క చెప్పాలి. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో చేసిన అధ్యయనం ప్రకారం, అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు కంపెనీల నుంచి కొనడానికి దొరకవు. మళ్లీ వచ్చినవాటిలో కూడా ఫైలు వస్తుంది గానీ పెట్టె రాదు. కొన్నిసార్లు కంపెనీలే ఈ లోటు పూడ్చాయి. 1995లో ‘ఎర్త్‌బౌండ్’ అమెరికాలో పెద్ద పెట్టెలో వచ్చింది, లోపల గైడ్ పుస్తకం, దాంట్లో గీకితే వాసనొచ్చే కార్డులు. 2013లో అదే గేమ్ నింటెండో ‘వీ యూ’ కన్సోల్‌లో మళ్లీ వచ్చినప్పుడు నింటెండో ఆ గైడ్‌ని ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోనిచ్చింది. వాసన మాత్రం రాలేదు. స్టార్‌ట్రాపిక్స్‌ని నింటెండో ‘వీ’ కన్సోల్‌లో తెచ్చినప్పుడు డిజిటల్ మాన్యువల్‌లోనే ఉత్తరాన్ని నీళ్లలో ముంచే ఏర్పాటు చేశారు.

అసలు ఉత్తరానికి మాత్రం ఇప్పుడు రెండు ధరలు. ముంచని ఉత్తరమున్న సెట్ ఎక్కువ పలుకుతుంది, ముంచినది తక్కువ. ముంచిన కాగితం ఉబ్బి, ముడతలు పడి, 747 అన్న అంకె చూపిస్తూ ఉంటుంది. అంటే ఎవరో ఆ గేమ్ సగం దాకా ఆడారు, మామయ్య మాట విన్నారు, గిన్నెలో నీళ్లు పట్టారు. ముంచని ఉత్తరమున్నవాడు బహుశా అంతదూరం రాలేదు, వచ్చినా స్నేహితుణ్ని అడిగి అంకె తెలుసుకున్నాడు. అమ్మేవాడు ‘ముంచలేదు, గ్యారంటీ’ అంటాడు. అది అసలు ఉత్తరమేనా, ఎవరో ఈమధ్య అచ్చువేసిన రెప్రోనా? భూతద్దం కొంతవరకు చెబుతుంది. పూర్తిగా తేల్చుకోవాలంటే ఒకటే దారి, గిన్నెలో నీళ్లు పట్టడం.